మీ ఇల్లే, పన్నెండో నంబరు

వహాకా విమానాశ్రయంలో త్రాంకిలీనోకు వారానికో అత్త దిగుతుంది. సెలవుల రోజుల్లో ముగ్గురు నలుగురు కూడా దిగుతారు.

నిజానికి అతనికి మేనత్తలు లేరు. ఉన్నది ఒక వ్యాను, అదీ అతనిది కాదు. రాజధానిలో ఉండే లాయరు రెంతెరియాది. ఆ లాయరుకు మా పేటలో ఒక ఇల్లుంది. సెలవులు గడపడానికి వచ్చేవాళ్ళకు రోజుల లెక్కన అద్దెకిస్తాడు. వాళ్ళను విమానం దగ్గర ఎక్కించుకొచ్చి ఆ ఇంట్లో దించడం త్రాంకిలీనో ఉద్యోగం.

ఇందులో చిక్కేమిటంటే విమానాశ్రయం గుమ్మం ముందు టాక్సీ సంఘం వాళ్ళుంటారు. బయటి బండివాడెవడైనా పేరు రాసిన అట్ట పట్టుకుని నిలబడ్డాడంటే తిరిగొచ్చేసరికి అతని టైర్లలో గాలుండదు. వాళ్ళను నేను తప్పుపట్టను. ఎవరి కూడు వాళ్ళు కాపాడుకుంటారు. కానీ చుట్టాల కోసం వచ్చినవాణ్ణి మాత్రం వాళ్ళు ఒక్క మాటనరు. అమ్మనీ అత్తనీ తీసుకెళ్ళేవాణ్ణి ఆపితే సంఘం పరువేం కాను? అందుకని త్రాంకిలీనో అట్ట పట్టుకోడు. లాయరు ఫోన్లో పంపిన ఫొటో చూసుకుని, ఆ మొహం బయటికి రాగానే చేతులు చాచి "అత్తయ్యా!" అని పరిగెత్తి కావలించుకుంటాడు.

ఒకసారి దిగిన అత్త జర్మనీ అత్త. ఆరడుగులుంది. పాపం, భయపడి అరిచింది.

"ఏరా త్రాంకిలీనో," అన్నాడు సంఘం పెద్ద, స్తంభానికి ఆనుకుని. "మీ తాత దేశానికో కాపురం పెట్టాడా ఏంటి?"

"ఓడల్లో పనిచేశాడన్నా."

"వహాకాలో ఓడలెక్కడివిరా?"

"అందుకేగా ఊరొదిలి వెళ్ళింది."

సంఘం వాళ్ళకు అంతా తెలుసు. తెలిసినా చుట్టరికం అన్నాక కాదనడానికి మొహమాటం. ఇలా మూడేళ్ళు నడిచింది.

నేను చెప్పబోయే రోజున మధ్యాహ్నం ఒంటిగంటన్నర విమానానికి ఇద్దరు ముసలమ్మలు దిగారు. ఉత్తరాదిన దురాంగో నుంచి. పెద్దామె ఎర్మెలిందా, నలభయ్యేళ్ళు ఒకటో తరగతికి పాఠం చెప్పి రిటైరైన టీచరు. రెండో ఆమె ఆమె చెల్లెలు ఓబ్దూలియా. నాలుగు రోజులు గాలి మార్పు కోసం ఆ ఇల్లు తీసుకున్నారు.

"అత్తయ్యా! ఎన్నేళ్ళయింది అత్తయ్యా నిన్ను చూసి!" అంటూ త్రాంకిలీనో మీదపడ్డాడు.

ఎర్మెలిందా టీచరు చేతిసంచి గుండెలకు అడ్డం పెట్టుకుంది. "నువ్వెవరి కొడుకువి?" అంది. నలభయ్యేళ్ళు వెనక బెంచీకి వినబడేలా మాట్లాడిన గొంతు అది. గుమ్మం ముందున్న టాక్సీవాళ్ళందరూ తలలు తిప్పారు.

"మీ తమ్ముడి కొడుకుని కదత్తయ్యా."

"నాకు తమ్ముళ్ళు లేరు."

సంఘం పెద్ద స్తంభం వదిలి రెండడుగులు ముందుకొచ్చాడు.

"ఉన్నాడేమోలే అక్కా," అంది ఓబ్దూలియా. "నాన్న సంగతి మనకి తెలీంది కాదుగా."

పెద్దామె ఆలోచించింది. త్రాంకిలీనో ముక్కు చూసింది. "సరే, పెట్టెలు తీసుకో," అంది.

సంఘం పెద్ద టోపీ తీసి ముసలమ్మలకు దణ్ణం పెట్టాడు.

వ్యాను ఎక్కాక త్రాంకిలీనో అసలు విషయం చెప్పి క్షమాపణ అడిగాడు. చెల్లెలు నవ్వింది. అక్క నవ్వలేదు. "అబద్ధం ఆడేటప్పుడు ముందుగా అవతలివాళ్ళకి చెప్పాలి నాయనా. లేకపోతే తప్పులొస్తాయి," అంది.

అతనికి తొందరగా ఉంది. చెమట తుడుచుకుంటూ బండి నడుపుతున్నాడు. ఎందుకంటే ఆ నెలలో అతని మీద అప్పటికే రెండు ఫిర్యాదులున్నాయి. మొదటిది, పొరుగింటి కోడి తెల్లారకముందే కూసిందని. రెండోది, గుడి పండగకి టపాకాయలు పేల్చారని. రెండింటికీ లాయరు త్రాంకిలీనోనే బాధ్యుణ్ణి చేశాడు. మూడో ఫిర్యాదు వచ్చిన రోజున వ్యాను తాళాలు ఇచ్చేసి వెళ్ళిపోవాలని చెప్పేశాడు. ఈ ముసలమ్మలు ఐదింటికల్లా ఇంట్లో కాలు పెట్టకపోతే అదే మూడోది. త్రాంకిలీనోకు యాభై నాలుగేళ్ళు. ఆ వయసువాడికి మా ఊళ్ళో కొత్తగా పని ఇచ్చేవాడు ఎవడూ లేడు. నేను అడిగి చూశాను.

ఫోను మోగింది. లాయరు.

"ఎక్కించుకున్నావా?"

"ఎక్కించుకున్నానండి. వచ్చేస్తున్నామండి."

"రోడ్డు ఖాళీగానే ఉందా?"

త్రాంకిలీనో ముందుకు చూశాడు. "రోడ్డుందండి," అన్నాడు.

ఆ రోజు నగరంలో మూడు రాస్తారోకోలు. మామూలు కంటే తక్కువే. మా ఊళ్ళో పొద్దున లేవగానే వానొస్తుందా అని ఎవరూ అడగరు, ఎక్కడెక్కడ ఆపారు అని అడుగుతారు. మొదటిది లారీవాళ్ళది. వాళ్ళు భోజనానికి కూర్చున్న టైము చూసి త్రాంకిలీనో పక్క సందులోంచి లాగించేశాడు. రెండోది పంతుళ్ళది. నాలుగు బస్సులు అడ్డంగా పెట్టి, నీడన కూర్చుని అల్లికలు అల్లుకుంటున్నారు. ఒక పంతులమ్మ వచ్చి కిటికీలోంచి కరపత్రం ఇచ్చింది. ఎర్మెలిందా టీచరు కళ్ళజోడు పెట్టుకుని మొదటి నుంచి చివరిదాకా చదివింది. సంచిలోంచి ఎర్ర పెన్ను తీసింది. రెండు చోట్ల కొట్టేసి, సరిగ్గా రాసి, తిరిగిచ్చింది.

"డిమాండ్లన్నీ న్యాయమే. నాలుగో డిమాండులో అక్షరం తప్పింది. అచ్చేసే ముందు చూసుకోవద్దూ?"

పంతులమ్మ సిగ్గుపడి బస్సు వెనక్కి తీయించింది. అప్పటికి సాయంత్రం నాలుగు దాటింది.

ఇక్కడిదాకా అతను చెప్పింది. ఇక్కడి నుంచి నేను కళ్ళారా చూసింది. ఎందుకంటే మూడో రాస్తారోకో మాది. తాడు ఒక కొస నా చేతిలోనే ఉంది.

మా పేట కొండమీద ఉంది. పేరు ఎల్ మనాంతియాల్, అంటే ఊట. పేరు పెట్టినవాడు పోయాడు, ఊటా పోయింది. కుళాయిలో నీళ్ళొచ్చి ఆ రోజుకు ముప్పై ఎనిమిది రోజులు. ట్యాంకరు కోసం పేరు రాయించి పదకొండు రోజులు కాచుకున్నాం. ఆ పొద్దున ట్యాంకరు వచ్చింది. అందరం బిందెలూ బకెట్లూ డ్రమ్ములూ తెచ్చి రోడ్డు పక్కన వరసగా పెట్టుకుని నిలబడ్డాం. డ్రైవరు మాకు చెయ్యి ఊపాడు. మేమూ ఊపాం. అతను ఊపుకుంటూనే పైకి వెళ్ళి అల్దామా వీధి పన్నెండో నంబరు ముందు ఆగి, పదివేల లీటర్లూ లాయరు ఇంటి సంపులో పోసేశాడు. మేము పేరు రాయించిన వారానికి లాయరు రాజధాని నుంచి ఫోను చేశాడట. ఫోను వరసకంటే ముందుంటుందని ఆ రోజు తెలిసింది. పోసేసి తిరిగొస్తూ మళ్ళీ చెయ్యి ఊపాడు. మంచివాడే, మర్యాదస్తుడు.

పదింటికల్లా కొండకింద మలుపులో తాడు కట్టేశాం. మాకు నాయకురాలు సెనోబియా, మొక్కజొన్న పిండిని ఆకులో చుట్టి ఉడికించిన తమాలేలు అమ్ముతుంది. తాడు కూడా ఆమెదే, పెరట్లో బట్టలారేసేది. ముప్పై ఎనిమిది రోజుల్నుంచి దానికి పనిలేదు.

రాస్తారోకోకు ఎవరి నియమాలు వాళ్ళకుంటాయి. మావి మూడు. రోగిని ఆపకూడదు. శవాన్ని ఆపకూడదు. ఈ పేటలో ఇల్లున్నవాళ్ళను ఆపకూడదు, కాకపోతే నడిచి వెళ్ళాలి. మిగతావాడు ఎవడైనా సరే, మేయరు బామ్మర్దయినా సరే, ఎండలో నిలబడాల్సిందే.

వ్యాను వచ్చి ఆగింది. త్రాంకిలీనో దిగి, తాడు చూసి, తాడు పట్టుకున్నవాళ్ళను చూశాడు. నా పక్కన రెండో మనిషి అతని భార్య క్రెసెన్సియా.

"నువ్వేంటే ఇక్కడ?"

"తాడు పట్టుకున్నా. కనబట్టంలా?"

"పొద్దున ఒక మాట చెప్పొచ్చుగా!"

"పొద్దున నువ్వు అత్తల కోసం తల దువ్వుకుంటున్నావు. ఉన్న చెంబుడు నీళ్ళూ నెత్తిన పోసుకుని మరీ. ఇంక నీకేం వినబడుద్ది?"

అందరం నవ్వాం. అతను సెనోబియా దగ్గరికి పోయాడు. "అక్కా, నీకు పుణ్యముంటది, ఒక్కసారి వదులు. ఐదింటికి వీళ్ళు ఇంట్లో లేకపోతే నా ఉద్యోగం పోద్దక్కా."

"ఎవరింట్లో?"

"లాయరుగారింట్లో."

"ఆ లాయరు సంపులోనే కదయ్యా మన నీళ్ళున్నాయి. నీ ఉద్యోగం నీళ్ళు తాగుద్ది, మేం ఎండిపోవాలా? నియమం నియమమే. వాళ్ళు రోగులా?"

"కాదు."

"శవాలా?"

"అక్కా!"

"మరి ఈ పేటలో ఇల్లుందా వాళ్ళకి?"

సెనోబియా అతన్ని దాటుకుని కిటికీ దగ్గరికి వెళ్ళింది. పెద్దవాళ్ళతో మర్యాదగా మాట్లాడే మనిషే ఆమె.

"నమస్కారం తల్లీ. తమరి ఇల్లెక్కడమ్మా?"

ఎర్మెలిందా టీచరు వీపు నిటారు చేసి కూర్చుంది. మా దేశంలో మర్యాద తెలిసినవాళ్ళెవరూ నా ఇల్లు ఫలానా చోట అనరు. మీ ఇల్లు ఫలానా చోట అంటారు. వినేవాళ్ళూ సంతోషం అంటారు, ఎవరిళ్ళకు వాళ్ళు పోతారు. వందల ఏళ్ళుగా అలాగే నడుస్తోంది. ఒక్కడి ఇల్లూ చేతులు మారలేదు.

"మీ ఇల్లేనమ్మా," అంది టీచరు. "అల్దామా వీధి, పన్నెండో నంబరు. ఎప్పుడొచ్చినా మీదే."

సెనోబియా సంతోషం అనబోయింది. పెదవులు కదిలాయి కూడా. అంతలోనే ఆగింది.

"ఏమన్నారమ్మా? ఇంకొక్కసారి చెప్పండి."

"మీ ఇల్లే అన్నాను. పన్నెండో నంబరు."

సెనోబియా మా వైపు తిరిగింది. "విన్నారుగా. అల్దామా పన్నెండు మన ఇల్లంట."

అంత మర్యాదగా ఇచ్చినదాన్ని తీసుకోవడం మాలో ఎవరికీ అలవాటు లేదు. ముందుగా క్రెసెన్సియా అంది: "సంపుతో సహానా?"

"ఇల్లన్నాక సంపు ఉండదా?" అంది సెనోబియా.

"అయ్యో, మాటవరసకి అందమ్మా అక్క!" అని చెల్లెలు ఓబ్దూలియా లోపల్నుంచి అరిచింది. "మర్యాదకి! మీ ఊళ్ళో మర్యాదలు లేవా?"

"ఉన్నాయి తల్లీ. నీళ్ళే లేవు."

"పిల్లా, నువ్వుండు," అంది టీచరు. ఆ పిల్లకు అరవై ఎనిమిదేళ్ళు. టీచరు వ్యాను దిగి, గౌను సర్దుకుని, వరసగా ఉన్న ఖాళీ బకెట్లు చూసింది. "ఇవెందుకున్నాయి?" అంది. సెనోబియా చెప్పింది. ముప్పై ఎనిమిది రోజులూ, పదకొండు రోజులూ, ట్యాంకరు డ్రైవరు చెయ్యి ఊపడం, అన్నీ చెప్పింది. టీచరు మధ్యలో ఆపకుండా వింది.

"నేను మాటవరసకి ఏదీ అనను," అంది చివరికి. "నలభయ్యేళ్ళు పిల్లలకి చెప్పాను, ఆలోచించి మాట్లాడమని. ఇవాళ ఆలోచించకుండా మాట్లాడింది నేను. మాటయితే నాదే. కానీ ఆ ఇల్లు నాదెలా అవుతుంది? నేను నాలుగు రోజులకి తీసుకున్నదాన్ని."

"నాలుగు రోజులకి మీదేగా."

"అది నిజం."

"ఆ నాలుగు రోజులే ఇవ్వండి. ఐదో రోజు మాకొద్దు."

మా ఊళ్ళో సమావేశం పెట్టకుండా ఎవరూ తుమ్మను కూడా తుమ్మరు. అక్కడికక్కడే రోడ్డు మీద సమావేశం పెట్టాం. చేతులెత్తించి లెక్కపెట్టాం. దస్తూరీ బాగుంటుందని క్రెసెన్సియా పేట పుస్తకంలో రాసింది: అల్దామా వీధి పన్నెండో నంబరు ఈ నాలుగు రోజులూ పేట ఇల్లని, అందులో దిగబోయే ఆమె స్వయంగా, రెండుసార్లు, ఎవరి బలవంతమూ లేకుండా చెప్పింది. అనుకూలం నలభై ఒకటి. వ్యతిరేకం సున్నా. తటస్థం ఒకటి, త్రాంకిలీనో.

"నన్నెందుకు రాస్తావే? నేను డ్యూటీలో ఉన్నాను," అన్నాడతను.

"ఇంట్లో కూడా నువ్వు తటస్థమేగా," అంది క్రెసెన్సియా, తలెత్తకుండా.

తీర్మానం టీచరు చదివింది. ఒక కామా పెట్టించింది. పేట స్టాంపు వెయ్యబోతే ప్యాడు ఎండిపోయుంది. సెనోబియా దానిమీద ఉమ్మి, వేసింది.

"పేటలో ఇల్లున్నవాళ్ళు నడిచి వెళ్ళొచ్చు," అంది. "బండి ఇక్కడే."

త్రాంకిలీనో బండి పక్కకు పెట్టడానికి తిప్పాడు. సగం తిరిగేసరికి ముందు మనుషులూ వెనక బకెట్లూ. ఎటూ కదల్లేక, రోడ్డుకు పూర్తిగా అడ్డంగా ఆపేసి దిగాడు. "తర్వాత తీస్తాను," అన్నాడు. అప్పటికి నాలుగున్నర. ఐదింటికి ముసలమ్మలను గుమ్మం దాటించడం ఒక్కటే అతని మనసులో ఉంది.

ఎక్కాం. పెట్టెలు ఇద్దరు ఆడవాళ్ళు నెత్తిన పెట్టుకున్నారు. మిగతావాళ్ళం ఖాళీ బకెట్లు. ఓబ్దూలియా ప్రతి మలుపులోనూ ఆగి, "గాలి మార్పు అన్నావు కదే అక్కా, మార్పు సరే, గాలేదీ?" అని అడిగింది. సెనోబియా ఆమె చెయ్యి పట్టుకుని, దారిపొడుగునా ఎవరి కోడలు ఎవరితో పోట్లాడిందో చెప్పుకుంటూ ఎక్కించింది. మూడో మలుపు దగ్గరికి ఓబ్దూలియా కోడళ్ళ పేర్లు కూడా నేర్చేసుకుంది.

ఐదుకు ఐదు నిమిషాలుండగా త్రాంకిలీనో తలుపు తాళం తీశాడు. ముసలమ్మలు లోపల కాలు పెట్టారు. అతను గట్టిగా ఊపిరి వదిలాడు. అతని వెనకే నలభై ఒక్క మందిమి లోపల కాలు పెట్టాం.

మాలో ఎవరం ఎప్పుడూ ఆ ఇంట్లోకి వెళ్ళలేదు, క్రెసెన్సియా తప్ప. ఆమె శనివారాలు దుప్పట్లు మార్చడానికి వెళ్తుంది. పెరట్లో ఈత కొట్టే చిన్న తొట్టి, నీలం నీళ్ళు, అంచుదాకా. చాలాసేపు చూశాం. గోడకు అద్దం కట్టించిన కాగితం వేలాడుతోంది. టీచరు కళ్ళజోడు పెట్టుకుని పైకి చదివింది. "విందులు చేయరాదు. ఆరుగురికి మించి ఉండరాదు. ఈ ప్రాంతంలో నీటి కొరత ఉన్నందున, ఇరుగుపొరుగువారిని దృష్టిలో ఉంచుకుని నీటిని పొదుపుగా వాడవలెను."

"దృష్టిలో ఉంచుకున్నాడే," అంది సెనోబియా.

సంపు పెరటి మూల. ఇనప మూత, మూతకు తాళం. తాళంచెవి త్రాంకిలీనో గుత్తిలో ఉంది. అందరం మూత చుట్టూ నిలబడ్డాం. అప్పుడే ఫోను మోగింది.

గుమ్మం పైన కెమెరా ఉందని మేమెవరం అనుకోలేదు.

"త్రాంకిలీనో! ఎవరు వాళ్ళందరూ?"

త్రాంకిలీనో మమ్మల్ని ఒకసారి కలియజూశాడు. "అత్తలండి," అన్నాడు.

"ఏం వాగుతున్నావు? ఫోను ఆమెకియ్యి. ఆ దిగినామెకి."

స్పీకరు పెట్టి ఇచ్చాడు. లాయరు గొంతు వెంటనే తేనెలా మారిపోయింది. "నమస్కారం మేడమ్, ప్రయాణం బాగా జరిగిందా? ఈ గొడవకి క్షమించండి. మీరేమీ ఇబ్బంది పడకండి. అది మీ ఇల్లే."

టీచరు మమ్మల్ని చూసింది. "మీరు కూడా అదే అంటున్నారా?" అంది ఫోనులో.

"అయ్యో, నూటికి నూరుపాళ్ళు మేడమ్. మీ ఇల్లే."

"రాసుకో," అంది సెనోబియా. క్రెసెన్సియా రాసుకుంది.

"సంతోషం బాబూ," అంది టీచరు. "అయితే నా ఇంటి సంపు తాళం తీయిస్తున్నాను. వీళ్ళు నా చుట్టాలు. ఉంటాను."

ఫోను త్రాంకిలీనో చేతికి తిరిగొచ్చింది. ఇప్పుడు లాయరు గొంతులో తేనె లేదు. పెరడంతా వినబడింది.

"విను. ఆ తాళంలో నువ్వు చెవి తిప్పావంటే నీ ఉద్యోగం అయిపోయినట్టే. బండి ఎక్కడుందో అక్కడే వదిలెయ్. ముట్టుకోవద్దు. తాళాలు ఇవాళే, ఇప్పుడే, బస్సులో నాకు పంపెయ్. అర్థమైందా? నీతో ఇంకో మాటలేదు."

పెట్టేశాడు.

టీచరు ఏమీ అనలేదు. తన మాట తాను నిలబెట్టుకుంది, ఇంకొకడి కూటిమీద మాట ఇచ్చే హక్కు తనకు లేదని ఆమెకు తెలుసు. సెనోబియా కూడా ఏమీ అనలేదు. ఆమె ఏమీ అనకపోవడం నేను అంతవరకు చూడలేదు. క్రెసెన్సియా రెండు చేతుల్లో రెండు బకెట్లు పట్టుకుని మొగుణ్ణి చూస్తూ నిలబడింది. లాక్కోవాలంటే నలభై మందిమి ఉన్నాం, గుత్తి లాక్కోవడం ఎంతసేపు? లాక్కోలేదు. అతని ఉద్యోగం అతను పోగొట్టుకోవాలి గానీ మేం పోగొట్టకూడదు.

అతను గుత్తిలో చెవులన్నీ ఒక్కొక్కటే తిప్పాడు. వ్యానుది. తలుపుది. సంపుది. మళ్ళీ మొదటినుంచి. ఎడమచేత్తో వీపు గోక్కున్నాడు. ఇంకోసారి గోక్కున్నాడు.

"స్నానం చేసి ఎన్నాళ్ళయిందే మనం?" అన్నాడు పెళ్ళాంతో.

"నువ్వు పదిరోజులు. నేను లెక్కపెట్టడం మానేశా."

అతను వంగి తాళం తీశాడు.

దీన్ని ధైర్యం అని రాయమని నాకు కొందరు చెప్పారు. నేను రాయను. వీపు దురద. ధైర్యం కోసం కాచుకుని ఉంటే మా పేటలో ఒక్క పనీ అయ్యేది కాదు.

మూత లేచింది. నీళ్ళు కిందదాకా నల్లగా, చల్లగా. ఎవరూ తోసుకోలేదు. ముసలివాళ్ళకు ముందు, చంటిపిల్లల తల్లులకు తర్వాత, మిగతావాళ్ళకు ఇంటికి ఇన్ని బకెట్లని సెనోబియా మూత పక్కన నిలబడి చెబుతూ ఉంది. చేతినుంచి చేతికి అల్దామా వీధి పొడుగునా బకెట్లు దిగాయి. ఓబ్దూలియా కుర్చీ వేయించుకుని గుమ్మంలో కూర్చుని, ఎవరు రెండోసారి వచ్చారో పట్టుకుంది. ఇద్దరిని పట్టుకుంది కూడా. "నువ్వు బెనీతా కోడలివి కదూ? ఇందాక వచ్చావు. పో." ఈతతొట్టి నీళ్ళు తాగడానికి పనికిరావు, మందు కలిపి ఉంది. అవి పాయిఖానాలకు పంచాం. ఆడవాళ్ళు దారిలో తొణికిన చోటల్లా కుక్కలు నాకాయి.

ముసలమ్మలకు చెరో రెండు బకెట్లు స్నానాలగదిలో పెట్టాం. వద్దంటే వద్దన్నా పెట్టాం. అద్దె వాళ్ళది.

త్రాంకిలీనో తన వంతు నీళ్ళకు నిలబడలేదు. కొండ దిగాడు. దారిలో మలుపు దగ్గర వ్యాను గేరులో ఉందో లేదో చూసి, చేతి బ్రేకు గట్టిగా లాగి, తలుపులన్నీ తాళం వేశాడు. ముట్టుకోవద్దన్న తర్వాత అంతవరకు ముట్టుకోవచ్చా అని అతనికి అనుమానం వచ్చిందట. పార్సిలు కౌంటరుకు నడిచి వెళ్ళి, గుత్తి కవర్లో పెట్టి, లాయరు పేరు రాసి, ఆరింటి బస్సులో రాజధానికి పంపేశాడు. రసీదు తీసుకున్నాడు. మూడేళ్ళలో లాయరు చెప్పిన పని చెప్పినట్టు ఒక్క తప్పు లేకుండా చేసింది అదేనని అతనే అన్నాడు.

అతను తిరిగొచ్చేసరికి మేము మళ్ళీ తాడు దగ్గరున్నాం. కుళాయి నీళ్ళ సంగతి ఇంకా తేలలేదు కదా. రాత్రంతా ఎవరెవరు కాపలా ఉండాలో మాట్లాడుకుంటున్నాం. ఎవరికీ ఓపిక లేదు.

"బండి తీస్తానన్నావు కదయ్యా, తియ్యి," అంది సెనోబియా. "పెద్ద దీపం పెట్టుకుందాం అక్కడ."

"తాళాలు లేవక్కా. బస్సెక్కాయి."

సెనోబియా వ్యానును చూసింది. ముందు బంపరు కొండరాయికి ఆని ఉంది. వెనక బంపరు కాలవ గట్టు మీద ఉంది. మధ్యలో మేకపిల్ల కూడా దూరదు. దాని ఎదురుగా మేం నలభై మందిమి ఒక బట్టలతాడు పట్టుకుని నిలబడి ఉన్నాం.

"మనమెందుకు ఇక్కడ?" అంది.

దానికి సమావేశం అక్కర్లేకపోయింది. తాడు విప్పి, చుట్టచుట్టి భుజాన వేసుకుంది. ఇంట్లో తడిబట్టలున్నాయి ఆరేయాలి అని వెళ్ళిపోయింది. మేమూ వెళ్ళిపోయాం.

ఆ మర్నాడు పదకొండింటికి నీళ్ళ ఆఫీసు ఇంజనీరు జీపులో వచ్చాడు. రాస్తారోకో చేసేవాళ్ళతో మాట్లాడి తాడు తీయించమని అతన్ని పంపారట. మాట్లాడదామంటే మనిషి లేడు. హారను కొట్టాడు. మళ్ళీ కొట్టాడు. వ్యాను పలకలేదు. చివరికి జీపు దిగి కాలవ గట్టు మీంచి పాకి ఇవతలికి వచ్చి, నడిచి కొండెక్కాడు. మా పేటకు ఆఫీసువాడు కాలినడకన రావడం అదే మొదలు. మూడు మలుపులు, మూడుసార్లు ఆగాడు. నాలుగో మలుపులో మొదటి ఇల్లు త్రాంకిలీనోది. అతను అరుగు మీద తల ఆరబెట్టుకుంటున్నాడు.

"కింద ఆ బండి ఎవరిదయ్యా?" అన్నాడు ఇంజనీరు, రొప్పుతూ.

"నాది కాదండి."

"దాన్ని నడిపేది ఎవరు?"

"నిన్నటిదాకా నేనేనండి."

"అయితే తియ్యి. ఎవరున్నారిక్కడ మీ నాయకులు? ఎవరితో మాట్లాడాలి నేను?"

"నాయకులు బట్టలుతుక్కుంటున్నారండి. బండి తియ్యడానికి నాకా ఉద్యోగం లేదండి ఇప్పుడు."

ఇంజనీరు అరుగు మీద కూలబడ్డాడు. చొక్కా వీపుకు అతుక్కుపోయింది. కాసేపు కళ్ళు మూసుకుని, తర్వాత అడిగాడు. "అమ్మా, కాసిని మంచినీళ్ళుంటే ఇస్తారా?"

క్రెసెన్సియా లోపల్నుంచి గ్లాసు తెచ్చింది. సగం ఉంది. అతను గటగటా తాగేసి, ఇంకా కావాలన్నట్టు గ్లాసు చాచాడు.

"అంతే బాబూ," అందామె. "ముప్పై తొమ్మిదో రోజు."